తెర మీద అమ్ముడయ్యే బీమా: నియంత్రణ సంస్థ దేన్ని చూడాలి?

(బీమా చట్టాల మీద చేసిన ఒక ప్రసంగానికి పాఠం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

సభకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ఇంటర్నెట్‌లో అమ్మే బీమా మీద నియంత్రణ. ఇది చాలా విస్తారమైన అంశం కనుక మొదటే కొంత కత్తిరిస్తాను. పాలసీ ఆన్‌లైన్‌లో కొనడం మంచిదా, ఏజెంటు దగ్గర కొనడం మంచిదా అన్న చర్చ జోలికి ఈ పూట నేను పోను. బీమా సంస్థల మూలధనం, సాల్వెన్సీ (బాకీలు తీర్చగల సత్తా), రీఇన్సూరెన్సు (బీమా సంస్థలు తామే చేయించుకునే బీమా) వంటి లెక్కలు పాలసీ ఏ దారిన అమ్ముడైనా ఒకటే కాబట్టి వాటినీ పక్కన పెడతాను. నేను అడగదలచుకున్నది ఒక్కటే ప్రశ్న. అమ్మకం మొదలు నుంచి చివరి దాకా తెర మీదే జరిగిపోయినప్పుడు నియంత్రణ సంస్థ దేన్ని చూడాలి? లైసెన్సునా, పాలసీ పత్రాన్నా, ఆ తెరనేనా? తెరనే చూడాలన్నది నా వాదం. చాలాచోట్ల ఇంకా పత్రాన్నే చూస్తున్నారన్నది నా ఫిర్యాదు.

కొంచెం వెనక్కి వెళదాం. 1766లో ఇంగ్లండులో కార్టర్ వర్సెస్ బోమ్ అనే కేసు వచ్చింది. బీమా చట్టం చదివినవారందరికీ ఇది తెలిసిన కేసే. ముప్పుకు సంబంధించిన సంగతులు ఎక్కువగా బీమా కొనేవాడికే తెలుసు, అమ్మేవాడు ఆ మాటను నమ్మి ధర కడతాడు, అందువల్ల ఇద్దరూ పరమ విశ్వాసంతో నడుచుకోవాలి అని జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అందులో చెప్పాడు. ఆ తీర్పును బీమా సంస్థలు రెండు వందల ఏళ్ళకు పైగా పాలసీదారుల మీద ప్రయోగిస్తూ వచ్చాయి గాని, ఆ కేసులో గెలిచింది మాత్రం పాలసీదారే. ఈ సంగతి ఎందుకో అంతగా చెప్పుకోరు. సరే, అది అలా ఉంచండి. మనకు కావలసింది ఆ తీర్పు వెనక ఉన్న దృశ్యం. ఒకడు అడుగుతాడు, ఇంకొకడు చెబుతాడు. అడిగేది మనిషి, చెప్పేది మనిషి. ఆ తరవాత వచ్చిన నియంత్రణ అంతా ఈ దృశ్యం చుట్టూనే అల్లుకుంది. అడిగే మనిషికి పరీక్ష పెట్టారు, లైసెన్సు ఇచ్చారు, అతని కమిషన్‌కు హద్దులు పెట్టారు, అతను చేతికిచ్చే కాగితంలో ఏ మాటలు ఉండాలో నిర్ణయించారు.

ఇంటర్నెట్ వచ్చాక ఏం చేశారు? ప్రపంచంలోని బీమా నియంత్రణ సంస్థలన్నిటికీ ఒక సంఘం ఉంది. 1994లో ఏర్పడింది, బాసెల్ నగరంలో దాని కార్యాలయం ఉంది. ఆ సంఘం 2000 సంవత్సరంలోనే ఇంటర్నెట్ మీద జరిగే బీమా కార్యకలాపాల పర్యవేక్షణకు మూడు సూత్రాలు ప్రకటించింది. ఇతర మార్గాల్లో జరిగే బీమా వ్యాపారం పట్ల ఏ వైఖరి ఉందో ఇంటర్నెట్ వ్యాపారం పట్ల కూడా దానికి పొందికైన వైఖరే ఉండాలి. పారదర్శకత, సమాచార వెల్లడి విషయంలో ఇతర మార్గాలకు ఉన్న ప్రమాణాలే దీనికీ వర్తించాలి. అవసరమైన మేరకు దేశాల నియంత్రణ సంస్థలు ఒకరికొకరు సహకరించుకోవాలి. 2000లో, ఇంకా ఫోను కనెక్షను మీద ఇంటర్నెట్ నడిచే రోజుల్లో, ఇంత స్పష్టంగా ఆలోచించడం మెచ్చుకోవలసిన విషయమే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే మొదటి సూత్రాన్ని చాలామంది చదువుకున్న తీరులో తప్పుంది. ‘పొందికైన వైఖరి’ అంటే కాగితం మీద ఉండవలసిన మాటలే తెర మీద కూడా ఉంటే సరిపోతుందని అర్థం చేసుకున్నారు. కాగితం కదలదు. నేను చదువుతుండగా అది మారదు. నాకొకటి, నా పక్కనున్నవారికి ఇంకొకటి చూపించదు. తెర ఇవన్నీ చేస్తుంది.

మాటల్లో చెబితే ఇది తేలిపోతుంది కనుక ఒక అమ్మకాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఇది ఫలానావారి కథ కాదు. వివాదాలు ఎక్కడ పుడతాయో చూపించడానికి నేను కట్టిన ఉదాహరణ. ఆరోగ్య బీమా. ఫోను తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: ‘మీకు గాని, ఈ పాలసీలో చేర్చబోయే మరెవరికైనా గాని మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్, గుండె, కాలేయం, మూత్రపిండాలకు సంబంధించిన వ్యాధి గాని మరే ఇతర వ్యాధి గాని ఉన్నదా, గతంలో ఉండేదా, దేనికైనా మందులు వాడుతున్నారా?’ ఇందులో ఎన్ని ప్రశ్నలున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. నలుగురు కుటుంబ సభ్యులు, ఆరేడు వ్యాధులు, ఇప్పుడు, అప్పుడు, మందులు. వీటన్నిటికీ కలిపి జవాబు చెప్పడానికి పక్కన ఒకే ఒక మీట ఉంటుంది. ఆ మీట ముందే ‘లేదు’ వైపు జరిపి ఉంటుంది. దాన్ని ముట్టుకోకపోయినా కింద ఉన్న ‘ముందుకు’ బటన్ పనిచేస్తుంది. పైన మూలలో ‘ఈ ధర ఇంకా తొమ్మిది నిమిషాలే’ అంటూ అంకెలు తగ్గుతూ ఉంటాయి. కొనేవారు బొటనవేలితో ఒకసారి కిందికి తోసి ‘ముందుకు’ నొక్కుతారు.

కొంతకాలం తరవాత ఆసుపత్రి బిల్లు వస్తుంది, క్లెయిమ్ పెడతారు. బీమా సంస్థ పాత వైద్య రికార్డులు తెప్పించి చూస్తుంది. అయిదేళ్ళ కిందటే థైరాయిడ్ మాత్రలు రాసిన చీటీ దొరుకుతుంది. సంస్థ తన ఫైలు తెరుస్తుంది. అందులో ప్రతిపాదన పత్రం పీడీఎఫ్ రూపంలో చక్కగా ఉంటుంది. ప్రశ్న, ఎదురుగా జవాబు: లేదు. సంతకం ఉండవలసిన చోట ఓటీపీ నమోదైన తేదీ, సమయం. వాస్తవాన్ని దాచారు, క్లెయిమ్ తిరస్కరించాము అని ఉత్తరం వస్తుంది.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను, ఆ పీడీఎఫ్ ఏమిటి? అది కొనుగోలుదారు నింపిన పత్రమా? కాదు. అమ్మకం పూర్తయ్యాక కంప్యూటరు కూర్చిన పత్రం. అందులో మీట లేదు. మీట ముందే ఏ వైపు ఉన్నదో లేదు. తగ్గుతున్న అంకెలు లేవు. జవాబు చెప్పింది మనిషా, తెరా? తగవు తీర్చవలసిన అధికారి, ఆయన అంబుడ్స్‌మన్ కావచ్చు, జడ్జి కావచ్చు, దేన్ని చూసి తేల్చాలి? ఆయన ముందున్నది ఒక పక్షం తయారు చేసుకున్న సారాంశం మాత్రమే.

ఈ ముడిని చట్టం వైపు నుంచి బ్రిటన్ కొంత విప్పింది. వినియోగదారుల బీమాలో సమాచార వెల్లడి గురించి 2012లో ఒక చట్టం చేశారు, అది 2013 ఏప్రిల్ 6 నుంచి అమలులోకి వచ్చింది. సాధారణ వినియోగదారు తనంత తాను గుర్తు చేసుకుని అన్నీ చెప్పవలసిన బాధ్యతను ఆ చట్టం తీసివేసింది. అడిగినదానికి తప్పుడు సమాచారం ఇవ్వకుండా తగినంత జాగ్రత్త పడితే చాలు. ఆ జాగ్రత్త పడ్డారా లేదా అని తేల్చేటప్పుడు చూడవలసిన విషయాల్లో ఒకటి, బీమా సంస్థ అడిగిన ప్రశ్న ఎంత స్పష్టంగా, ఎంత నిర్దిష్టంగా ఉంది అన్నది. గమనించారా? మాన్స్‌ఫీల్డ్ నాటి భారం ఇక్కడ తిరగబడింది. ప్రశ్నే సాక్ష్యం అయింది. కాని ప్రశ్న సాక్ష్యం కావాలంటే అది కనిపించిన రూపంలోనే ఎక్కడో భద్రంగా ఉండాలి కదా! ఎవరి దగ్గర ఉంది?

దీనికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు చైనా ఇచ్చింది. అక్కడి నియంత్రణ సంస్థ 2020లో ఆన్‌లైన్ బీమా అమ్మకాల మీద ఒక ఉత్తర్వు తెచ్చింది, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అది అమలయింది. అమ్మకం తెరలు, వాటి మీద కొనుగోలుదారు చేసిన పనులు, తరవాత ఎప్పుడైనా తిరిగి చూసుకోవడానికి వీలుగా నమోదు చేసి ఉంచాలి. ముఖ్యమైన షరతులను విడి తెర మీద చూపించి, విడిగా అంగీకారం తీసుకోవాలి. ఏడాది లోపు పాలసీలకైతే గడువు ముగిశాక అయిదేళ్ళు, అంతకు మించినవాటికి పదేళ్ళు ఆ నమోదును దాచి ఉంచాలి. ఆ దేశపు నియంత్రణ పద్ధతులన్నీ మనకు నచ్చాలని ఏమీ లేదు. ఆరోగ్య వివరాలతో కూడిన నమోదును పదేళ్ళు దాచడం వల్ల గోప్యతకు వచ్చే చిక్కులూ చిన్నవి కావు. అయినా, చూపించిన తెరను మళ్ళీ చూపించగలగాలి అన్న ఆ ఒక్క నియమం మిగిలిన ఎన్నో నియమాల పెట్టు.

ఇక్కడ సంస్థల తరఫు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ‘మేము తెరలను మాటిమాటికీ మారుస్తాం, ఒకే రోజు కొందరికి ఒక రూపం, కొందరికి ఇంకొక రూపం చూపిస్తాం, ఇవన్నీ భద్రపరచడం భారం’ అంటారు. నిజమే, మారుస్తారు. ఎందుకు మారుస్తారు? ఏ రూపం ఎక్కువ అమ్ముతుందో కొలవడానికి. బటన్ పచ్చగా ఉంటే ఎంతమంది నొక్కారు, నారింజ రంగులో ఉంటే ఎంతమంది నొక్కారు, ఏ ప్రశ్న దగ్గర ఎంతమంది ఆగి వెనక్కి వెళ్ళిపోయారు, ఈ లెక్కలన్నీ వారి మార్కెటింగ్ విభాగం దగ్గర తు.చ. తప్పకుండా ఉంటాయి. అమ్మకం పెంచుకోవడానికి దాచగలిగిన సమాచారం, క్లెయిమ్ వచ్చేసరికి భారం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

ఇప్పుడు ముందే టిక్ పెట్టిన గడుల సంగతి. విమానం టికెట్టు కొంటుంటే ప్రయాణ బీమా దానంతట అది బిల్లులో చేరిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఈబుకర్స్ అనే సంస్థ మీద జర్మనీలో ఒక వినియోగదారుల సంఘం వేసిన కేసు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. విమానం ఎంచుకోగానే తెర పక్కన మొత్తం ఖర్చు కనిపించేది. అందులో టికెట్టు ధర, పన్నులతో పాటు, ప్రయాణం రద్దయితే నష్టాన్ని భరించే బీమాకు ప్రీమియం కూడా కలిసి ఉండేది. వద్దనుకున్నవారు వద్దని చెప్పుకోవాలి. ఐచ్ఛికమైన అదనపు ఖర్చులు కొనుగోలుదారు కోరితేనే చేర్చాలని 2008 నాటి విమాన సర్వీసుల నిబంధన అప్పటికే ఉంది. బీమా ఇచ్చేది వేరే సంస్థ, అది విమాన సర్వీసు కాదు కదా అన్నది వాదన. ఎవరు ఇచ్చినా సరే, టికెట్టుతో కలిపి అమ్ముతున్నారు కనుక నిబంధన వర్తిస్తుందని 2012 జూలై 19న తీర్పు వచ్చింది.

భారతదేశంలో 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనేవారిని ఏమార్చే మాయదారి తెరల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. పదమూడు రకాల మాయలను పేరుపేరునా వివరించింది. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో బీమా ఎన్నిసార్లు వస్తుందో చూడండి. విమానం టికెట్టుతో ప్రయాణ బీమాను తనంత తానే చేర్చడం ఒక ఉదాహరణ. బీమా వద్దనుకునేవారి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే అర్థం వచ్చే బటన్ నొక్కించడం ఇంకొకటి. సిగ్గుపడేలా చేసి అమ్మడం అన్నమాట.

ఈ రెండు సందర్భాలనూ మీ ముందు పక్కపక్కన ఎందుకు పెట్టానంటే, ఈ రెంటిలోనూ మాయను పట్టుకున్నది బీమా నియంత్రణ సంస్థ కాదు. ఒకచోట విమానయాన నిబంధన, ఇంకొకచోట వినియోగదారుల రక్షణ సంస్థ. బీమాను చూడవలసినవారు పాలసీ షరతుల్లో ఏడో క్లాజు సరిగా ఉందా లేదా అని చదువుతుండగా, పక్కింటివారు వచ్చి గడిని చూపించారు.

పైగా బీమా చట్టాలు తామే కొన్ని తలుపులు తెరిచి ఉంచాయి. యూరప్‌లో 2016లో వచ్చిన బీమా పంపిణీ నిర్దేశాన్ని తీసుకోండి. అది మంచి చట్టమే. కాని వేరే వస్తువుతోనో సేవతోనో కలిపి చిన్న బీమా అమ్మేవారికి అందులో మినహాయింపు ఉంది. ప్రీమియం ఏడాదికి 600 యూరోలు మించకపోతే, లేదా మూడు నెలల లోపు సేవకు మనిషికి 200 యూరోలు మించకపోతే, మరికొన్ని షరతులకు లోబడి, ఆ అమ్మేవారు మధ్యవర్తులుగా నమోదు కానక్కరలేదు. కనీస సమాచారం అందేలా చూసే బాధ్యత బీమా సంస్థ మీద ఉంటుంది, అది వేరే మాట. చిన్న మొత్తానికి పెద్ద తంతు ఎందుకన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. కాని తెర మీద ఎక్కువ మోసపోయేది ఎక్కడ? పెద్ద జీవిత బీమా కొనేవారు నాలుగు చోట్ల విచారిస్తారు. టికెట్టుతో, ఫోనుతో, గదితో అంటుకుని వచ్చే చిన్న బీమానే చూసుకోకుండా కొంటారు, కొన్నట్టు కూడా గుర్తుండదు, క్లెయిమ్ చేయరు. ప్రీమియం చిన్నదైతే పర్యవేక్షణ చిన్నదై ఉండాలన్న లెక్క అక్కడ పనిచేయదు.

తరవాతది పోలిక వెబ్‌సైట్లు. పది సంస్థల పాలసీలు ఒక వరసలో చూపిస్తారు. ‘మేము అమ్మడం లేదు, చూపిస్తున్నాం అంతే’ అన్నది ఒకప్పటి వాదన. యూరప్ నిర్దేశం దీన్ని ఒప్పుకోలేదు. ఆ వెబ్‌సైటు ద్వారా చివరికి నేరుగానో పరోక్షంగానో కొనగలిగితే అది పంపిణీయే అని నిర్వచనంలోనే రాసింది. భారత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్ అగ్రిగేటర్ల (పోలిక వెబ్‌సైట్లకు ఇక్కడి పేరు) నిబంధనల్లో ఇంకొక దారి పట్టింది. రేటింగులు, ర్యాంకులు, సిఫారసులు, ఎక్కువగా అమ్ముడవుతున్నవి అనే ముద్రలు పెట్టకూడదంది. ఉద్దేశం మంచిదే. కాని పది పాలసీలు ఒక తెర మీద ఏదో ఒక వరసలో రాక తప్పదు కదా. ఫోనులో మొదటి రెండే కనిపిస్తాయి. ‘ఉత్తమం’ అనే ముద్ర లేకపోయినా మొదటి స్థానమే ముద్ర. వరస ఎలా నిర్ణయమైంది, మొదట కనిపించినందుకు ఎవరు ఎవరికి ఏమిచ్చారు అన్నది చెప్పించకుండా ముద్రలు తీయించడం సగం పని.

ప్రీమియం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే న్యాయమే కదా అంటారు. అక్కడొక ఇబ్బంది ఉంది. వరసలో పైకి రావాలంటే ధర తగ్గాలి, ధర తగ్గాలంటే రక్షణలో ఏదో ఒకటి కోయాలి. పాలసీదారు సొంతంగా భరించవలసిన మొత్తం పెరుగుతుంది, గది అద్దెకు పరిమితి వస్తుంది, ఇవేవీ పేర్చిన వరసలో కనిపించవు. యూరప్ బీమా పర్యవేక్షణ సంస్థ ఐయోపా పోలిక వెబ్‌సైట్ల మీద 2014లో ప్రకటించిన మంచి పద్ధతుల్లో, ధర ఒక్కదాని మీదే పోల్చవద్దని, మార్కెట్‌లో ఎంత భాగాన్ని చూపిస్తున్నారో, ఏ సంస్థతో ఏ వ్యాపార సంబంధం ఉందో చెప్పమని కోరింది. సలహా బాగుంది. కాని అది సలహా.

కొన్నాక మనసు మార్చుకునే హక్కు గురించి రెండు మాటలు. దూరం నుంచి అమ్మిన ఆర్థిక సేవలకు యూరప్ 2002లోనే 14 రోజులు, జీవిత బీమాకు 30 రోజులు గడువు ఇచ్చింది. భారతదేశంలో ఎలక్ట్రానిక్ పాలసీలకు, దూరం నుంచి అమ్మిన పాలసీలకు ఉన్న 30 రోజుల ఫ్రీ లుక్ గడువును (నచ్చకపోతే పాలసీ వదులుకునే గడువును) 2024లో మిగిలినవాటికీ వర్తింపజేశారు. రోజులు చాలు. కొరవడినది దారి. కొనడానికి మూడు నొక్కులు, వదులుకోవడానికి పని వేళల్లో ఫోను చేసి, పాటలు వింటూ ఎదురుచూసి, మానవద్దని బతిమాలే మనిషితో వాదించి, ఆపైన ఈమెయిలు పంపాలి. అందుకే 2023లో వచ్చిన యూరప్ కొత్త నిర్దేశం, ఆన్‌లైన్‌లో చేసుకున్న ఒప్పందం నుంచి బయటపడడానికి ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా దొరికే ఒక మీట ఉండాలని చెప్పింది. 2026 జూన్ 19 నుంచి అమలు కావాలని తేదీ పెట్టింది. నియంత్రణ రోజుల లెక్క నుంచి తెర మీది మీట దాకా దిగి రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

సరిహద్దుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వెబ్‌సైటు ఎక్కడి నుంచైనా తెరుచుకుంటుంది గనుక ప్రతి దేశమూ దాన్ని నియంత్రించాలా? వినియోగదారుల ఒప్పందాల విషయంలో యూరప్ న్యాయస్థానం 2010లో, పామర్, హోటల్ ఆల్పెన్‌హోఫ్ కేసుల్లో, తెరుచుకున్నంత మాత్రాన సరిపోదంది. ఏ భాషలో ఉంది, ఏ కరెన్సీలో ధర చెబుతోంది, ఫోను నంబరుకు ముందు దేశం కోడ్ ఇచ్చారా, వెబ్ చిరునామా చివర ఏముంది, ఇవన్నీ చూసి ఎవరిని ఉద్దేశించి నడుపుతున్నారో తేల్చాలంది. ఇది కూడా తెర చదవడమే. దొంగ బీమా వెబ్‌సైట్ల విషయంలో ఇవేవీ పనికిరావు. వాటికి నియంత్రణ సంస్థల మధ్య సహకారం, అసలు లైసెన్సుదారుల జాబితా ఎవరైనా ఒక్క నిమిషంలో వెతుక్కునేలా ఉండడం, అంతకు మించి పోలీసులు కావాలి.

ధర కూడా తెర మీదిదే. నాకు చూపించిన ధర మీకు చూపించిన ధర ఒకటో కాదో మనకు తెలియదు. బ్రిటన్‌లో ఇల్లు, మోటారు బీమాల్లో ఏళ్ళ తరబడి ఒకే సంస్థను నమ్ముకున్నవారి దగ్గర ఏటా కొంచెం కొంచెం ఎక్కువ వసూలు చేస్తున్నారని తేలాక, పాత కస్టమరుకు కొత్త కస్టమరు కన్నా ఎక్కువ ధర వేయకూడదని 2022 జనవరి 1 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ నిషేధం పెట్టింది. జీవిత, ఆరోగ్య బీమాల్లో మనుషుల ముప్పును అంచనా వేసి ధర కట్టే కృత్రిమ మేధను యూరప్ 2024 చట్టం అధిక ముప్పు గల వాడకాల్లో చేర్చింది. దీని మీద విడిగా ఒక ప్రసంగమే కావాలి కనుక ఇక్కడ ఆపుతాను.

అయితే నియంత్రణ సంస్థ చేయవలసింది ఏమిటి? కొత్త పాలసీ ఆమోదానికో నమోదుకో వచ్చినప్పుడు షరతుల పత్రంతో పాటు అమ్మకం తెరలను కూడా అడగాలి. ప్రశ్నలు ఏ వరసలో వస్తాయి, ప్రతి మీటా మొదట ఏ వైపు ఉంటుంది, ముట్టుకోకుండా ముందుకు వెళ్ళగలమా, వద్దనే బటన్ ఎక్కడుంది, ఇవి ఆ దరఖాస్తులో ఉండాలి. ప్రతి మార్పునూ ముందస్తు అనుమతికి పంపమనడం ఆచరణలో కుదరదు. ఎప్పుడు ఏది మారిందో తేదీలతో ఒక చిట్టా ఉంచమనడం కుదురుతుంది. ఆ తరవాత, తనిఖీ అధికారులు తామే మామూలు కొనుగోలుదారుల్లా పేరు చెప్పకుండా పాలసీ కొనాలి. పెద్ద తెర ఉన్న ఆఫీసు కంప్యూటరులో కాదు, చిన్న ఫోనులో, నెట్‌వర్కు సరిగా లేని చోట. కొన్న పాలసీని వదులుకోవడానికి కూడా ప్రయత్నించాలి. అసలు కథ అక్కడే తెలుస్తుంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది క్లెయిమ్ తిరస్కరణల లెక్క. ‘వాస్తవాన్ని దాచారు’ అనే కారణంతో ఎన్ని క్లెయిములు తిరస్కరించారు అన్న మొత్తం ఒక్కటే తీసుకుంటే దానితో ఏమీ తెలియదు. ఆ తిరస్కరణలను ప్రశ్నలవారీగా అడగాలి. ఫలానా సంస్థ, ఫలానా తేదీ నాటి తెర, ఫలానా ప్రశ్న: దానికి తప్పు జవాబు ఇచ్చారన్న పేరుతో ఎన్ని తిరస్కరణలు? ఒక ఊరంత మంది ఒకే ప్రశ్నకు అబద్ధం చెప్పారంటే, ఆ జనాన్ని అనుమానించే ముందు ఆ ప్రశ్నను పరీక్షించాలి కదా. అలాంటి ప్రశ్న దొరికినప్పుడు దాన్ని మార్చమని ఆదేశించడం, ఆ తెర మీద కొన్నవారి తిరస్కరణలన్నిటినీ మళ్ళీ పరిశీలించమనడం నియంత్రణ సంస్థ పని. ఇందుకు పెద్ద ఏర్పాటు కూడా అక్కరలేదు. సంస్థలు పంపే క్లెయిముల నివేదికలో ప్రశ్న సంఖ్యకు ఒక గడి, తెర తేదీకి ఒక గడి చేరిస్తే ఆ లెక్క మొదలవుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి, వింటాను.